రిచర్డ్‌సన్ గురించి అడిగారు కదా, ముందు గోడ చూడండి

మీ ప్రశ్నలో మూడు ముక్కలున్నాయి. బీ.ఆర్క్ మూడో సంవత్సరం సెమినార్‌కి మీ వంతుకు 19వ శతాబ్దపు అమెరికన్ ఆర్కిటెక్ట్ హెన్రీ హాబ్సన్ రిచర్డ్‌సన్ వచ్చాడు. క్లాసు నోట్స్‌లో ఆయన గురించి "గుండ్రటి ఆర్చ్‌లు, గరుకు రాయి, పొట్టి స్తంభాలు" అన్న ఒక్క లైను తప్ప ఏమీ లేదన్నారు. యూరప్‌లో 11, 12 శతాబ్దాల్లో కట్టిన చర్చిల్ని అమెరికాలో మళ్లీ కట్టిన మనిషికి ఇంత పేరెందుకని అడిగారు. పట్టుమని ఇరవై ఏళ్లు పనిచేసినాయన మీద ఇరవై నిమిషాలు ఏం మాట్లాడాలని టెన్షన్ పడుతున్నారు. అన్నయ్య బోస్టన్‌లో ఉన్నాడు కాబట్టి అక్కడ ఆయన కట్టిన ట్రినిటీ చర్చి ఫొటోలు తెప్పించుకుంటే సరిపోతుందా అన్నది చివరి ప్రశ్న.

నేను ముప్పై ఏళ్లుగా ఈ వృత్తిలో ఉన్నాను. అందులో పదకొండేళ్లు మసాచుసెట్స్‌లో పాత రాతి కట్టడాల మరమ్మతు పనుల్లోనే గడిచాయి. రిచర్డ్‌సన్ గోడల దగ్గర నిలబడి గంటలు గంటలు చూసినవాణ్ణి. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

కాపీ అన్న మాటకి ముందు జవాబు చెబుతాను. ఆర్చ్ ఆయన అరువు తెచ్చుకున్నదే, అందులో దాచాల్సిందేమీ లేదు. ప్లాన్ మాత్రం ఆయన సొంతం, గోడ కట్టించిన తీరు ఆయన సొంతం. వయసు పెరిగేకొద్దీ అరువు తెచ్చుకున్నవాటిని ఒక్కొక్కటిగా వదిలేస్తూ పోయాడు. చివరికి ఆయన చేతిలో మిగిలింది గోడ, కిటికీ, రాయి బరువు. మీ నోట్స్‌లో ఉన్న లైను ఆయన్ని అనుకరించినవాళ్లకు సరిగ్గా సరిపోతుంది. ఆయనకి సరిపోదు.

ఇక జీవితం. 1838 సెప్టెంబర్ 29న లూసియానాలో, ప్రీస్ట్‌లీ ప్లాంటేషన్ అనే చోట పుట్టాడు. తల్లి వైపు నుంచి జోసెఫ్ ప్రీస్ట్‌లీకి మునిమనవడు. ఆక్సిజన్ పాఠంలో మనందరం చదువుకున్న ప్రీస్ట్‌లీయే. దక్షిణాది ప్లాంటేషన్ కుటుంబం అంటే బానిసల చాకిరీ మీద నిలబడిన సంపద. సెమినార్‌లో ఆ మాట దాటేయకండి, ఎందుకంటే ఆ సంపద ఉండటమూ, తర్వాత అది ఆగిపోవడమూ రెండూ ఆయన చదువుని మలుపు తిప్పాయి.

చిన్నప్పుడు వెస్ట్ పాయింట్ మిలిటరీ అకాడమీకి పంపాలనుకున్నారు. నత్తి ఉండటంతో అది కుదరలేదు. హార్వర్డ్‌లో చేరి 1859లో డిగ్రీ పూర్తి చేశాడు. సివిల్ ఇంజనీరింగ్ అనుకుని వెళ్లినవాడు అక్కడ ఉండగానే మనసు మార్చుకుని ఆర్కిటెక్చర్ వైపు తిరిగాడు. అయితే అప్పటికి అమెరికాలో ఆర్కిటెక్చర్ నేర్పే కాలేజీ ఒక్కటీ లేదు. ఎంఐటీలో క్లాసులు మొదలైంది 1868లో. నేర్చుకోవాలంటే ఎవరి ఆఫీసులోనో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరాలి, లేదంటే పారిస్ వెళ్లాలి. రిచర్డ్‌సన్ పారిస్ వెళ్లాడు. మొదటిసారి ఎంట్రన్స్ తప్పి, మళ్లీ రాసి 1860లో అక్కడి పేరున్న కళల స్కూలు ఎకోల్ డె బోజార్‌లో సీటు తెచ్చుకున్నాడు. ఆ స్కూల్లో ఆర్కిటెక్చర్ చదివిన అమెరికన్లలో రిచర్డ్ మోరిస్ హంట్ తర్వాత ఈయన రెండోవాడు.

మరుసటి ఏడాదే అమెరికాలో అంతర్యుద్ధం వచ్చింది. న్యూ ఆర్లియన్స్ నుంచి రావాల్సిన డబ్బు ఆగిపోయింది. ఖరీదైన బట్టలు, మంచి భోజనం అలవాటైన కుర్రాడు పారిస్‌లో థియోడోర్ లాబ్రూస్ట్ అనే ఆర్కిటెక్ట్ దగ్గర డ్రాయింగులు గీసి పొట్టపోసుకున్నాడు. ఆ కష్టం వల్ల ఆయనకొక మేలు జరిగింది. క్లాసులో పోటీల కోసం గీసే బొమ్మలకీ, రేపు మేస్త్రీ చేతికి వెళ్లే డ్రాయింగులకీ ఉన్న తేడా చదువుకుంటూనే తెలిసింది.

పారిస్ చదువులో మీరు తప్పకుండా చెప్పాల్సిన విషయం ఒకటుంది. ఆ స్కూల్లో డిజైన్ సమస్య ఇచ్చి విద్యార్థిని విడిగా కూర్చోబెట్టేవారు. పన్నెండు గంటల్లో ఒక చిన్న స్కెచ్ వేయాల్సి వచ్చేది. ఆ తర్వాత ఎన్ని వారాలు పెద్ద డ్రాయింగులు చేసినా ఆ మొదటి స్కెచ్‌లోని మూల ఆలోచనని మార్చడానికి వీలుండేది కాదు. అంటే బిల్డింగ్ మొత్తాన్ని ఒక్క ఆలోచనగా పట్టుకోవడం మొదటి రోజే రావాలి. రిచర్డ్‌సన్ జీవితాంతం అలాగే పనిచేశాడు. అరచేతిలో పట్టేంత ప్లాన్ స్కెచ్ వేసి అసిస్టెంట్‌కి ఇచ్చేవాడు. మిగతాదంతా దానిలోంచే పెరిగేది. ఫ్రెంచి స్కూలు నుంచి ఆయన తెచ్చుకున్నది ఈ పద్ధతి. ఫ్రెంచి అలంకారాల్ని అక్కడే వదిలేసి వచ్చాడు.

1865లో న్యూయార్క్ తిరిగొచ్చాడు. మొదటి పని మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో యూనిటీ చర్చి. 1867లో బోస్టన్ అమ్మాయి జూలియా గోరమ్ హేడెన్‌ని పెళ్లి చేసుకున్నాడు. అదే ఏడాది ఆర్కిటెక్ట్ చార్లెస్ గాంబ్రిల్‌తో భాగస్వామ్యం మొదలైంది, 1878 దాకా నడిచింది. స్టాటెన్ ఐలాండ్‌లో కాపురం పెట్టాడు, అక్కడ ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్ పరిచయం. సెంట్రల్ పార్క్ రూపొందించిన ఓమ్‌స్టెడే. ఈ స్నేహం చివరిదాకా నిలిచింది. రిచర్డ్‌సన్ బిల్డింగులు నేలలోంచి మొలిచినట్టు కనిపించడంలో ఓమ్‌స్టెడ్ ప్రభావం ఎంతో ఉందని నా నమ్మకం. బఫెలోలో మానసిక వైద్యశాలకి ఇద్దరూ కలిసి పనిచేశారు. మధ్యలో జంట టవర్లు, రెండు వైపులా ఒకదాని వెనక ఒకటిగా వెనక్కి జరుగుతూ పోయే వార్డులు. ప్రతి వార్డుకీ గాలి, వెలుతురు అందాలన్నది లెక్క.

బోస్టన్‌లో ఆయన కట్టిన బ్రాటిల్ స్క్వేర్ చర్చి సంగతి కూడా చెప్పండి. దాని టవర్ మీద నాలుగు మూలలా బాకాలు ఊదుతున్న దేవదూతలుంటారు. ఆ శిల్పాలకి నమూనాలు చేసింది బర్తోల్డీ, తర్వాత స్టాచ్యూ ఆఫ్ లిబర్టీ చేసినాయన. టవర్ అద్భుతం. లోపల మాత్రం ప్రసంగం వినపడేది కాదు, ప్రతిధ్వని అంత ఎక్కువ. కొన్నేళ్లకే ఆ సంఘం దివాలా తీసింది. బయట ఎంత బాగున్నా లోపల కూర్చున్నవాడికి మాట వినపడకపోతే ఆ బిల్డింగ్ ఓడిపోయినట్టే. ఈ దెబ్బ తర్వాత కట్టిన ట్రినిటీలో ఆయన ప్లాన్ మీద పెట్టిన శ్రద్ధ చూడండి, తేడా తెలుస్తుంది.

ట్రినిటీ దగ్గర కొంచెంసేపు ఆగుదాం.

1872లో ట్రినిటీ సంఘం ఆరుగురు ఆర్కిటెక్టుల్ని పోటీకి పిలిచింది. పారిస్‌లో ఆయనకన్నా ముందు చదివిన హంట్ కూడా అందులో ఉన్నాడు. రిచర్డ్‌సన్ గెలిచాడు. అప్పటికి ఆయనకి 34 ఏళ్లు నిండలేదు. అదే ఏడాది నవంబర్‌లో బోస్టన్‌లో పెద్ద అగ్నిప్రమాదం జరిగి సమ్మర్ స్ట్రీట్‌లోని పాత చర్చి కాలిపోయింది. ఇక కొత్తది కట్టక తప్పని పరిస్థితి. పాస్టర్ ఫిలిప్స్ బ్రూక్స్ ఆ కాలంలో దేశమంతటా పేరున్న ప్రసంగీకుడు. ఆయన మాట అందరికీ వినపడాలి, ఆయన అందరికీ కనపడాలి. అందుకని రిచర్డ్‌సన్ పొడవాటి హాలు, రెండు వైపులా స్తంభాల వరుసలు ఉండే మామూలు చర్చి ప్లాన్ పక్కన పెట్టాడు. నాలుగు చేతులూ దాదాపు సమానంగా ఉండే గ్రీక్ క్రాస్ ప్లాన్ తీసుకుని, మధ్యలో ఒకే పెద్ద ఖాళీ పెట్టి, దాని మీద టవర్ నిలబెట్టాడు.

ఇప్పుడు నేల సంగతి. బోస్టన్‌లో బ్యాక్ బే అనే ఆ ప్రాంతం ఒకప్పుడు ఆటుపోట్ల నీళ్లు వచ్చిపోయే బురద నేల. కంకర, మట్టి తెచ్చి పోసి దాన్ని భూమిగా మార్చారు. అలాంటి నేల మీద మధ్యలో రాతి టవర్! చర్చి కింద దాదాపు 4,500 కొయ్య పైల్స్, అంటే బరువు మోసే దుంగలు, నేలలోకి దిగేశారు, అందులో సుమారు రెండు వేలు టవర్ కిందే. వాటి మీద నాలుగు గ్రానైట్ పిరమిడ్లు కట్టారు. ఒక్కొక్కటి అడుగున 35 అడుగుల చదరం, పైకి వచ్చేసరికి 7 అడుగులు, ఎత్తు 17 అడుగులు. లోపలికి వెళ్లిన ఎవరికీ ఇవి కనిపించవు. టవర్ బరువంతా వాటి మీదే ఉంది.

కొయ్య నీళ్లలో మునిగి ఉన్నంతకాలం కుళ్లదు. నీటిమట్టం తగ్గి గాలి తగిలిందంటే కుళ్లడం మొదలవుతుంది. అందుకే బ్యాక్ బేలో ఈరోజుకీ భూగర్భ నీటిమట్టం కొలుస్తూనే ఉంటారు. 1960ల చివర్లో పక్కనే జాన్ హ్యాన్‌కాక్ టవర్‌కి పునాది తవ్వినప్పుడు నేల కదిలి చర్చికి పగుళ్లు వచ్చాయి. అన్నయ్య పంపే ఫొటోల్లో ఆ అద్దాల టవర్‌లో చర్చి ప్రతిబింబం తప్పకుండా ఉంటుంది, అందరూ తీసే ఫొటో అదే. ఆ ఫొటో చూపించేటప్పుడు కింద నేలలో జరిగిన ఈ కథ చెప్పండి.

టవర్ దగ్గరికి వస్తే మీ కాపీ ప్రశ్న నేరుగా ఎదురవుతుంది. పోటీలో గెలిచిన డ్రాయింగులో ఉన్న టవర్ వేరు. అది ఎనిమిది మూలలతో ఇంకా ఎత్తుగా ఉండేది. ఆ నేల అంత బరువు మోయలేదని తేలాక మార్చక తప్పలేదు. అప్పుడు స్పెయిన్‌లోని సాలమాంకా పాత కెథీడ్రల్ టవర్ ఫొటో ఆధారంగా కొత్తది రూపొందించారు. ఆఫీసులో అసిస్టెంట్‌గా ఉన్న స్టాన్‌ఫర్డ్ వైట్ చెయ్యి కూడా అందులో ఉంది. పక్కపక్కన పెట్టి చూస్తే పోలిక ఎవరికైనా కనిపిస్తుంది. కాబట్టి అరువు తెచ్చాడు అనండి, తప్పులేదు. కానీ సాలమాంకాలో ఆ టవర్ పొడవాటి చర్చి మీద ఒక భాగం. ట్రినిటీలో మిగతా బిల్డింగ్ అంతా ఆ టవర్‌కి పీఠంలా కింద నుంచి పైకి ఎగబాకుతుంది. నాలుగు వైపుల నుంచి చూసినా ఒక్క కొండలా నిలబడుతుంది. తెచ్చుకున్న ముక్కని వేరే ప్లాన్‌లో పెట్టేసరికి దాని పని మారిపోయింది.

రంగులు కూడా గమనించండి. గోడకి డెడ్‌హామ్ గ్రానైట్, అంచులకి లాంగ్‌మెడో ఎర్ర ఇసుకరాయి. లోపల చిత్రకారుడు జాన్ లా ఫార్జ్ 1876 శరదృతువులో మొదలుపెట్టి కొద్ది నెలల్లోనే గోడలన్నీ చిత్రాలతో నింపాడు. ఎముకలు కొరికే చలిలో, పరంజాల మీద, చర్చి తెరిచే తేదీ తరుముకొస్తుండగా చేసిన పని అది. 1877 ఫిబ్రవరి 9న చర్చిని ప్రతిష్ఠించారు. ముందున్న వసారా మాత్రం ఆయన పోయాక 1890లలో వచ్చింది. అన్నయ్య తీసే ఫొటోలో ఎక్కువ శిల్పాలతో కనిపించే భాగం అదే. చాలామంది దాన్ని చూపించి రిచర్డ్‌సన్ శైలి అని రాసేస్తారు, మీరు జాగ్రత్త.

1885లో ఒక ఆర్కిటెక్చర్ పత్రిక దేశంలోని ఆర్కిటెక్టుల్ని పది ఉత్తమ కట్టడాలేవని అడిగింది. ట్రినిటీకి మొదటి స్థానం వచ్చింది. ఆ పదిలో ఐదు రిచర్డ్‌సన్ చెయ్యి పడినవే. ఆయనకింత పేరెందుకన్న మీ ప్రశ్నకి ఆ కాలపువాళ్లు ఇచ్చిన జవాబు ఇది.

నా అభిప్రాయం అడిగితే ట్రినిటీ ఆయన గొప్ప విజయమే కానీ ఆయన పరిణతి అక్కడ మొదలైంది, అంతే. దాని మీద కంటిని లాగే అంశాలు ఇంకా ఎక్కువ, చెక్కడాలు ఎక్కువ, రంగులు ఎక్కువ. ఆ తర్వాత ఏడెనిమిదేళ్లు ఆయన చేసిన పనిని వరుసలో పెట్టి చూడండి. కట్టడాలు మెల్లగా శాంతిస్తాయి.

హార్వర్డ్‌లో సీవర్ హాల్ (1878 నుంచి 1880) తీసుకోండి. చుట్టూ ఉన్న పాత హాళ్లన్నీ ఎర్ర ఇటుకవి. ఈయన రాతిని పక్కన పెట్టి తనూ ఇటుకే తీసుకున్నాడు. దాదాపు పదమూడు లక్షల ఇటుకలు. అంచుల కోసం, ఆర్చ్ కోసం, కిటికీల చుట్టూ తిరగడం కోసం అరవై రకాల అచ్చుల్లో ప్రత్యేకంగా పోయించిన ఇటుకలున్నాయి. దూరం నుంచి చూస్తే సాదా పెట్టెలా ఉంటుంది. దగ్గరికి వెళ్తే గోడ అలా అలా వంగుతూ టవర్‌గా మారడం, ప్రవేశం దగ్గర ఆర్చ్ పొరలు పొరలుగా లోపలికి తగ్గడం కనిపిస్తాయి. ఆ ఆర్చ్‌కి ఒక వైపు గోడకి నోరు ఆనించి గుసగుసలాడితే రెండో వైపు చెవి పెట్టినవాళ్లకి వినిపిస్తుంది. గరుకు రాయి లేకుండా కూడా రిచర్డ్‌సన్ రిచర్డ్‌సనే అని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు.

తర్వాత మసాచుసెట్స్‌లోని చిన్న ఊళ్ల లైబ్రరీలు. వోబర్న్, నార్త్ ఈస్టన్, క్విన్సీ, మాల్డెన్. వీటిని ఈ క్రమంలో చూడాలి. వోబర్న్‌లో (1876) ముక్కలు ముక్కలుగా ఉంటుంది, ప్రతి గదికీ ఒక కప్పు, ప్రతి మూలా ఏదో ఒక హడావుడి. క్విన్సీలో క్రేన్ లైబ్రరీకి (1880 నుంచి 1882) వచ్చేసరికి ఒక్క పొడవాటి కప్పు, ఒక్క ఆర్చ్, దాని పక్కన చిన్న మెట్ల టవర్. పుస్తకాలుండే వైపు ఎత్తులో వరుసగా కిటికీలు, చదువుకునే వైపు పెద్ద కిటికీ. బయట నిలబడే లోపల ఎక్కడేముందో చెప్పేయొచ్చు. కప్పులో అక్కడక్కడా కనురెప్ప తెరిచినట్టు చిన్న కిటికీలుంటాయి. నాకు ఈ బిల్డింగ్ అంటే ప్రాణం.

అలాగని లోపాలు దాచను. ఆ రోజుల్లో లైబ్రేరియన్లకి ఈ లైబ్రరీలు నచ్చలేదు. పుస్తకాల్ని గూళ్లలా విడగొట్టి, పైన గ్యాలరీ పెడితే తీయడానికి తిరగాలి, ఎక్కాలి. పుస్తకాలు పెరిగితే పెంచుకునే వీలు లేదు. వాళ్ల ఫిర్యాదు న్యాయమైనదే. సెమినార్‌లో ఇది కూడా చెబితే మీ మాటకి బరువు పెరుగుతుంది.

నార్త్ ఈస్టన్ గురించి రెండు మాటలు. పారలు తయారుచేసి డబ్బు గడించిన ఏమ్స్ కుటుంబం ఊరు అది. రైల్వేల్లో కూడా వాళ్లు పెద్ద చెయ్యి. వాళ్ల కోసం అక్కడ లైబ్రరీ, టౌన్ హాల్, రైల్వే స్టేషన్, ఎస్టేట్ ముందు గేట్ లాడ్జ్ కట్టాడు. గేట్ లాడ్జ్ (1880, 1881) గోడల్లో బండరాళ్లు పొలంలో దొరికినవి దొరికినట్టే పేర్చినట్టుంటాయి. మనిషి ఎత్తులో సగం ఉండే గుండ్లు గోడలో ఇమిడిపోయాయి. చెక్కిన శిల్పం దాదాపు కనిపించదు. చరిత్రలో ఫలానా శైలి అని పేరు పెట్టడానికి చూస్తే దొరకదు. కాపీ అన్నవాళ్లకి నేను చూపించే ఫొటో ఇదే.

ఇలాంటి గోడలు కాగితం మీద గీస్తే రావు. గనిలో విరిగిన ముఖాన్ని అలాగే ఉంచి, కూర్పుకి కావాల్సిన అంచులు మాత్రం సరిచేయాలి. ఎంత పెద్ద రాయి పక్కన ఎంత చిన్నది పెట్టాలో పనిచేసే చోటే తేలుతుంది. రిచర్డ్‌సన్‌కి ఓర్లాండో నార్‌క్రాస్ అనే కాంట్రాక్టర్ దొరికాడు. ట్రినిటీ నుంచి చివరిదాకా ఆయన పెద్ద పనులు ఎక్కువగా నార్‌క్రాస్ సోదరులవే. మరమ్మతు పనిలో పాత గోడ విప్పి చూసినవాడిగా చెబుతున్నాను, మంచి మేస్త్రీ లేకపోతే ఆర్కిటెక్ట్ ఎంత గొప్పవాడైనా గోడ అబద్ధం చెబుతుంది. నార్‌క్రాస్ పేరు మీ సెమినార్‌లో ఉండాలి.

1874లోనే ఆయన బోస్టన్ పక్కన బ్రూక్‌లైన్‌కి మారాడు, అద్దె ఇంటికి. ఆఫీసు కూడా ఆ ఇంటికే అతుక్కుని పెరిగింది. కుర్రాళ్లు చిన్న చిన్న గదుల్లో కూర్చుని గీసేవాళ్లు, మధ్యలో ఆయన లైబ్రరీ, పుస్తకాలు, ఫొటోలు. పారిస్ అటెలియే, అంటే గురువు దగ్గర శిష్యులు కలిసి గీసే స్టూడియో, వాతావరణాన్ని ఇంట్లోకి తెచ్చుకున్నాడు. తర్వాత పేరున్న ఆర్కిటెక్టులైన చార్లెస్ మెక్‌కిమ్, స్టాన్‌ఫర్డ్ వైట్ ఆయన దగ్గర పనిచేసి బయటికి వెళ్లినవాళ్లే. భారీ మనిషి, బరువు మూడొందల పౌండ్లు దాటింది. పసుపు రంగు వెస్ట్‌కోట్లు, గట్టి నవ్వు, ఎవరొచ్చినా విందు. ఆ హుషారు వెనక కిడ్నీ జబ్బు ఏళ్ల తరబడి ఉంది. నడవలేని రోజుల్లో మంచం మీద నుంచే స్కెచ్‌లు వేసి కుర్రాళ్లకి ఇచ్చేవాడు.

ఆ చివరి రెండు మూడేళ్లలో వచ్చిన పనులే ఆయన ఎవరో చెబుతాయి. పిట్స్‌బర్గ్‌లో పాత కోర్టు 1882లో కాలిపోతే కొత్త అలెగెనీ కౌంటీ కోర్టు, దాని వెనక జైలు ఆయనకి వచ్చాయి. కోర్టు టవర్ అందం కోసమే పెట్టినట్టుంటుంది. నిజానికి పిట్స్‌బర్గ్ ఉక్కు ఫ్యాక్టరీల మసి ఊరు కాబట్టి, కింద గాలి పీల్చలేం కాబట్టి, టవర్ పై నుంచి శుభ్రమైన గాలి లాగి బిల్డింగ్ అంతా పంపే ఏర్పాటది. వెనకున్న టవర్లు వాడిన గాలిని బయటికి వదులుతాయి. మధ్యలో పెద్ద ప్రాంగణం, గదులన్నిటికీ అక్కడి నుంచి వెలుతురు. తర్వాతి రోజుల్లో గ్రాంట్ స్ట్రీట్ ఎత్తు తవ్వి తగ్గించడంతో ఒకప్పటి బేస్‌మెంట్ ఇప్పుడు రోడ్డు మట్టానికి వచ్చేసింది. అందుకే ఇప్పటి ఫొటోల్లో ప్రవేశం కొంచెం అతకనట్టు కనిపిస్తుంది, అది ఆయన తప్పు కాదు. జైలు గోడ ముందు నిలబడితే మాట రాదు. పెద్ద పెద్ద గ్రానైట్ దిమ్మలు, దాదాపు కిటికీ లేని గోడ, ఒకే ఒక్క గేటు. 1995లో జైలు మూసేశారు, ఇప్పుడందులో ఫ్యామిలీ కోర్టు నడుస్తోంది.

షికాగోలో మార్షల్ ఫీల్డ్ హోల్‌సేల్ స్టోర్. ఏడంతస్తుల గోదాము, ఒక పూర్తి బ్లాకు. దాని గోడ మీద లెక్క చూడండి: పీఠంలాంటి కింది అంతస్తు పైన మూడంతస్తుల ఎత్తు లేచే ఒక పెద్ద ఆర్చ్, దానిపైన రెండంతస్తుల ఎత్తులో రెండు చిన్న ఆర్చ్‌లు, ఆ పైన చివరి అంతస్తులో నాలుగు నిలువు కిటికీలు. ఒకటి, రెండు, నాలుగు. అలంకారం ఇంచుమించు ఇంతే. అదే ఊళ్లో అప్పటికే విలియం లె బారన్ జెన్నీ ఇనప ఫ్రేము మీద హోమ్ ఇన్సూరెన్స్ బిల్డింగ్ కట్టేశాడు. అంటే టెక్నాలజీ పరంగా రిచర్డ్‌సన్ వెనకబడే ఉన్నాడు, బరువు మోసే రాతి గోడనే నమ్ముకున్నాడు. కానీ ఇంత పెద్ద వ్యాపార కట్టడాన్ని ఒక్క లయలో నడిపించడం ఎలాగో షికాగోలోని యువ ఆర్కిటెక్ట్ లూయీ సలివన్ ఈ గోడని చూసే నేర్చుకున్నాడు. సలివన్ వాళ్ల ఆడిటోరియం బిల్డింగ్ బయటి రూపం ఈ స్టోర్‌ని చూశాక మారింది. ఆ దారిలోనే సలివన్ దగ్గర పనిచేసిన ఫ్రాంక్ లాయిడ్ రైట్ వస్తాడు. ఇరవై ఏళ్లే పనిచేశాడని మీరన్న మనిషి వెనక ఇంత వరస ఉంది. ఆ స్టోర్‌ని 1930లో కూల్చేసి పార్కింగ్ స్థలం చేశారు. పాత ఫొటోలు చూసినప్పుడల్లా నాకిప్పటికీ బాధగా ఉంటుంది.

అదృష్టవశాత్తు అదే ఊళ్లో గ్లెస్నర్ ఇల్లు మిగిలింది. ప్రెయిరీ అవెన్యూ, 18వ వీధి మూల మీద. వ్యవసాయ యంత్రాల కంపెనీలో పెద్ద హోదాలో ఉన్న జాన్ గ్లెస్నర్, భార్య ఫ్రాన్సెస్ 1885లో ఈ పని ఇచ్చారు. వాళ్లింట్లో ఒక పాత ఇంగ్లీషు కట్టడం ఫొటో చూసి, అది వాళ్లకి నచ్చిందని తెలుసుకుని, మీ ఇంటికి దీన్నే మూలంగా తీసుకుంటానని పట్టుకెళ్లాడు. భోజనానికి కూర్చున్నప్పుడే కాగితం అడిగి ప్లాన్ గీసేశాడు. పారిస్ పద్ధతి గుర్తొచ్చిందా?

ఆ వీధిలో మిగతా ధనవంతుల ఇళ్లన్నీ ముందు తోట, చుట్టూ ఖాళీ వదిలి మధ్యలో నిలబడ్డవి. ఈయన ఇంటిని వీధి అంచుకి తోసేశాడు. ఉత్తరాన చలిగాలి కొట్టే వైపు గోడకి చిన్న చిన్న కిటికీలు, ఆ గోడ వెంట పనివాళ్లు నడిచే వరండా. కుటుంబం ఉండే గదులన్నీ దక్షిణాన లోపలి ప్రాంగణం వైపు తెరుచుకుంటాయి, అటు పెద్ద కిటికీలు, శీతాకాలపు ఎండ. మండువా ఇంట్లో పెరిగినవాళ్లకి వీధికి వీపు, లోపలికి ముఖం అన్న ఆలోచన వెంటనే అర్థమవుతుంది. అక్కడ వాళ్లకి అర్థం కాలేదు. ఎదురుగా ఉండే రైలు పెట్టెల జార్జ్ పుల్‌మన్, బయటికొచ్చినప్పుడల్లా అది నా ముఖంలోకి చూస్తోంది, నేనేం పాపం చేశానో అని వాపోయాడట. 1966లో ఆ ఇంటిని కూల్చేయకుండా కొందరు ఆర్కిటెక్టులు కలిసి కాపాడారు. ఇప్పుడు మ్యూజియం.

ఈ మూడింటిలో ఏదీ పూర్తయి ఆయన చూడలేదు. పిట్స్‌బర్గ్, షికాగో పనులు పూర్తయ్యేదాకా బతికితే చాలని అనేవాడు. 1886 ఏప్రిల్ 27న బ్రూక్‌లైన్‌లో పోయాడు, 47 ఏళ్లకే. ట్రినిటీలోనే అంత్యక్రియలు, చేయించింది ఫిలిప్స్ బ్రూక్సే. అంత పేరున్న మనిషి భార్యకీ ఆరుగురు పిల్లలకీ మిగిల్చింది అప్పులే. ఆఫీసులోని షెప్లీ, రూటన్, కూలిడ్జ్ అనే ముగ్గురు కుర్రాళ్లు మిగిలిన పనులన్నీ పూర్తి చేశారు.

ఆయన పోయాక దేశమంతటా కోర్టులు, టౌన్ హాళ్లు, స్టేషన్లు ఆయన పేరు మీద వచ్చిన శైలిలో లేచాయి. డాలస్‌లో మన తెలుగువాళ్లు దాదాపు అందరూ ఏదో ఒకరోజు దాని ముందు నుంచి వెళ్లి ఉంటారు, ఓల్డ్ రెడ్ కోర్ట్‌హౌస్, 1892 నాటిది. ఎర్ర ఇసుకరాయి, గుండ్రటి ఆర్చ్‌లు, మూలలకి టరెట్లు, అంటే చిన్న బురుజులు. చూడ్డానికి సరదాగా ఉంటుంది. కానీ అలెగెనీ జైలు ఫొటో పక్కన పెట్టండి. ఒకదాంట్లో వస్తువులు పేర్చినట్టుంటాయి, రెండోదాంట్లో గోడ ఒక్కటే మాట్లాడుతుంది. మీ నోట్స్‌లోని లైను ఎవరి గురించో అక్కడ తేలిపోతుంది. 1893 షికాగో ప్రపంచ ప్రదర్శనలో తెల్లటి క్లాసికల్ భవనాలు వచ్చాక ఆ అనుకరణలు కూడా సద్దుమణిగాయి.

కాబట్టి సెమినార్‌కి ట్రినిటీ ఒక్కటే తీసుకోకండి. ట్రినిటీతో మొదలుపెట్టి క్రేన్ లైబ్రరీ మీదుగా గ్లెస్నర్ ఇంటి ప్లాన్‌కి రండి, మూడు చాలు. ప్లాన్లు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. ప్రింట్ పెట్టేయకుండా మీ చేత్తో ఒకే స్కేలులో గీయండి, గోడ మందం నల్లగా నింపండి. గీస్తున్నప్పుడే మీకు చాలా తెలుస్తుంది.

అన్నయ్యకి పని చెప్పండి. ట్రినిటీకి ముందు వైపు వద్దు, వెనక అర్ధచంద్రాకారంలో ఉన్న వైపు తీయమనండి, అక్కడి నుంచి టవర్‌ దాకా కప్పులు ఎలా ఎక్కుతాయో ఒకే ఫొటోలో రావాలి. గ్రానైట్, ఎర్ర రాయి కలిసే చోట దగ్గర నుంచి ఒకటి. తర్వాత రెడ్ లైన్ ట్రైన్ ఎక్కి హార్వర్డ్‌లో దిగితే సీవర్ హాల్, పొద్దున్నే వెళ్తే విద్యార్థుల రద్దీ ఉండదు. అదే రెడ్ లైన్‌లో రెండో వైపు వెళ్లి క్విన్సీ సెంటర్‌లో దిగితే క్రేన్ లైబ్రరీ నడిచేంత దూరమే. పాత భాగం ఏదో, తర్వాత కలిపిన భాగాలేవో అడిగి తెలుసుకోమనండి. సాయంత్రం ఎండ ఏటవాలుగా పడే వేళ అయితే గరుకు రాయి నీడలు బాగా వస్తాయి. పక్కన ఎవరినైనా నిలబెట్టి తీయమనండి, లేకపోతే ఆ రాళ్ల సైజు మీ క్లాసులో ఎవరికీ అర్థం కాదు. ఫొటోలు వచ్చాక ఇక్కడే పెట్టండి, ఏవి వాడాలో కలిసి చూద్దాం.